పగిలిన పుర్రెల లెక్క



సి.ఆర్. రావుగారి స్మృతిలో మాట్లాడేవాళ్లు మామూలుగా 1945 దగ్గర మొదలుపెడతారు. ఆ ఏడాది కలకత్తా మ్యాథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో అచ్చైన ఒక్క వ్యాసంలోంచే క్రామెర్-రావు అసమానత, రావు-బ్లాక్‌వెల్ సిద్ధాంతం రెండూ వచ్చాయి. అప్పటికి ఆయన వయసు పాతికేళ్లు. అది చెప్పేసి వక్తలు సూటిగా పద్మవిభూషణ్‌కీ, నూట రెండేళ్ల వయసులో అందుకున్న అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతికీ వెళ్లిపోతారు. మధ్యలో ఒక రెండేళ్ల ఉద్యోగం ఉంది. దాని గురించి ఒక వాక్యం చెబితే గొప్ప. ఈ పూట నేను ఆ ఉద్యోగం దగ్గరే ఆగుతాను.

1946లో రావుగారు కేంబ్రిడ్జి వెళ్లింది గణిత శాఖకు కాదు. పురావస్తు, మానవశాస్త్ర మ్యూజియానికి. అక్కడ ఆయన పని సూడాన్‌లో తవ్వి తెచ్చిన పాత ఎముకల కొలతలకు లెక్కలు కట్టడం. ఇవాళ్టి భాషలో దాన్ని పురావస్తు శాస్త్రంలో స్టాటిస్టికల్ మోడలింగ్ అంటాం, విశ్వవిద్యాలయాలు ప్రకటనలిచ్చి మరీ మనుషుల్ని తీసుకుంటాయి. అప్పటికి ఆ ఉద్యోగానికి పేరు కూడా లేదు.

ఆయన అక్కడిదాకా ఎలా వెళ్లారో రెండు మాటల్లో చెబుతాను. పుట్టింది అప్పటి బళ్ళారి జిల్లా హూవిన హడగలిలో, పది మందిలో ఎనిమిదో బిడ్డగా. ఎనిమిదో వాడు గనక కృష్ణుడి పేరు. నాన్నగారి పోలీసు ఉద్యోగం బదిలీలతో చదువు గూడూరు, నూజివీడు, నందిగామ మీదుగా విశాఖపట్నం చేరింది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితంలో ఎం.ఏ. అయ్యాక పరిశోధన స్కాలర్‌షిప్‌కి దరఖాస్తు ఆలస్యంగా చేరడంతో అది దక్కలేదు. ఉద్యోగం వెతుక్కుంటూ కలకత్తా వెళ్తే అదీ రాలేదు గానీ, ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో శిక్షణ తీసుకుంటున్న ఒకాయన తారసపడ్డాడు. 1941 జనవరిలో రావుగారు ఆ సంస్థలో చేరారు. సకాలంలో చేరిన దరఖాస్తులు మన చరిత్రలో ఏం చేశాయో గానీ, ఈ ఆలస్యమైన దరఖాస్తు చాలా మేలు చేసింది.

ఇన్‌స్టిట్యూట్ అంటే ప్రశాంతచంద్ర మహలనోబిస్. ఆయన పేరు చెప్పగానే స్టాటిస్టిక్స్ విద్యార్థులకు డి-స్క్వేర్ గుర్తొస్తుంది. పరీక్ష కోసం ఆ సూత్రాన్ని బట్టీ పట్టినవాళ్లలో ఎందరికి అది మనుషుల తలల కొలతల్లోంచి పుట్టిందని తెలుసో నాకు అనుమానమే. 1920లో నాగపూర్ సైన్స్ కాంగ్రెస్ దగ్గర జువలాజికల్ సర్వే డైరెక్టర్ నెల్సన్ అన్నండేల్‌తో జరిగిన పరిచయం దీనికి మూలం. కలకత్తా ఆంగ్లో-ఇండియన్ల శరీర కొలతలు ఆయన దగ్గర పోగుపడి ఉన్నాయి, వాటిని తేల్చిపెట్టమని మహలనోబిస్‌ను అడిగారు. అక్కడ మొదలైన పని 1936 నాటి వ్యాసంలో డి-స్క్వేర్‌గా కుదురుకుంది.

చిక్కు ఎక్కడుందో చూడండి. ఇద్దరి ఎత్తులో తేడా తెలియాలంటే టేపు చాలు. రెండు సమూహాల మధ్య తేడాను తల పొడవు, వెడల్పు, ముఖం ఎత్తు, ముక్కు వెడల్పు అన్నీ కలిపి ఒక్క అంకెలో చెప్పమంటే? లండన్‌లో కార్ల్ పియర్సన్ బృందం వాడే జాతి సామ్య గుణకం ఒక్కో కొలతలో తేడాను విడిగా తీసి కూడేసేది. తల పొడవుగా ఉన్నవాళ్లకు ముఖం కూడా పొడుగ్గా ఉండే అవకాశం ఎక్కువ. అలాంటి రెండు తేడాలనూ కూడేయడమంటే, ఒకే కబురును ఇద్దరు మోసుకొస్తే రెండు కబుర్లని రాసుకోవడమే. పైగా ఎక్కువ పుర్రెలు కొలిస్తే చాలు, ఆ గుణకం పెరిగిపోయేది. సమూహాల మధ్య దూరం మన ఓపికను బట్టి మారకూడదు కదా. మహలనోబిస్ కొలతల మధ్య ఉన్న సహసంబంధాన్ని లెక్కలోకి తీసుకుని ఆ పునరుక్తిని తొలగించారు. వినడానికి సులువే. కానీ తొమ్మిది కొలతలుంటే తొమ్మిది వరుసలు, తొమ్మిది నిలువుల మాత్రికను తలకిందులు చేయాలి. 20 సమూహాలుంటే 190 జంటలు, ప్రతి జంటకూ ఒక దూరం. ఇదంతా బల్ల మీద పెట్టుకుని పిడి తిప్పే యంత్రాలతో. 1941లో ఉత్తరప్రదేశ్‌లో (అప్పటి సంయుక్త రాష్ట్రాల్లో) జరిగిన శరీర కొలతల సర్వేకు ఈ చాకిరీ చేసినవారిలో రావుగారు ముఖ్యులు. మహలనోబిస్, మజుందార్, రావు ముగ్గురి పేర్లతో ఆ నివేదిక 1949లో ‘సంఖ్య’ పత్రికలో వచ్చింది.

కేంబ్రిడ్జి నుంచి జె.సి. ట్రెవర్ కబురు పంపడానికి కారణం ఈ అనుభవమే. మా దగ్గర సూడాన్ ఎముకలున్నాయి, మీ డి-స్క్వేర్ పద్ధతితో వాటిని తేల్చే మనుషులు కావాలని అడిగారు. రావుగారినీ, రామకృష్ణ ముఖర్జీనీ పంపారు. రావుగారు కింగ్స్ కాలేజీలో చేరి ఆర్.ఎ. ఫిషర్ దగ్గర పిహెచ్.డి.కి కూడా నమోదయ్యారు. ఫిషర్ అప్పుడు జన్యుశాస్త్ర ఆచార్యులు, అందుకని శిష్యుడు ఆయన ప్రయోగశాలలో ఎలుకల పెంపకం పని కూడా చూడాల్సి వచ్చింది. ఒక పక్క వేల ఏళ్ల నాటి ఎముకలు, మరో పక్క బతికున్న ఎలుకలు. శుద్ధ గణితవేత్తగా మనం పటం కట్టి పూజించే మనిషి రోజులు అలా గడిచాయి.

ఇక ఆ ఎముకల సంగతి. జెబెల్ మోయా అనేది నీలి నైలు, తెల్ల నైలు నదుల నడుమ గెజీరా మైదానానికి దక్షిణాన ఒక రాతి కొండ. మందుల వ్యాపారి హెన్రీ వెల్కమ్ 1910 నుంచి 1914 దాకా నాలుగు సీజన్లు అక్కడ తవ్వించారు. వేలమంది కూలీలు. గాలిపటాలకు కెమెరాలు కట్టి పైనుంచి ఫొటోలు తీయించిన ఘనత కూడా ఆ తవ్వకానిదే. బయటపడ్డవి మూడు వేలకు పైగా ఖననాలు. మొదటి ప్రపంచ యుద్ధంతో ఆగిన పని మళ్లీ మొదలవలేదు. వెల్కమ్ బతికుండగా నివేదిక రాలేదు. ఆయన 1936లో పోయారు, ఫ్రాంక్ ఆడిసన్ రాసిన తవ్వకాల నివేదిక 1949లో వచ్చింది. మట్టిలోనే చితికిపోయినవి, ప్రయాణంలో నలిగినవి, నిల్వలో పాడైనవి పోగా కేంబ్రిడ్జి బల్లల మీదికి చేరింది తవ్విన దాంట్లో చిన్న వాటా.

పుర్రెను కొలవడం అంటే ఏమిటో దగ్గరగా చూపిస్తాను. పొడవు కోసం కనుబొమల మధ్య ముందుకు పొడుచుకొచ్చిన బిందువు దగ్గర కాలిపర్ ఒక కొన, వెనక పుర్రె ఎక్కువగా ఉబ్బిన చోట రెండో కొన పెట్టాలి. వెడల్పుకు చెవుల పైభాగాన అటూ ఇటూ. ఎత్తుకు వెన్నెముక దూరే పెద్ద రంధ్రం అంచు నుంచి నడినెత్తి దాకా. లోపలి పరిమాణం కావాలంటే రంధ్రాలన్నీ మూసి, ఆవాలో సీసపు గుళ్లో పోసి నింపి, వాటిని కొలపాత్రలోకి ఒంపి చూడాలి. ఆవాలు వదులుగా పోశామా, కుదించి పోశామా అన్నదాన్ని బట్టి కూడా అంకె మారుతుంది. కణత దగ్గర చిల్లు పడ్డ పుర్రెలో ఆవాలు నిలవవు. పొడవు, వెడల్పు, ఎత్తు మాత్రం కొలవొచ్చు.

అలాంటి పుర్రెను పక్కన పడేయాలా? రావుగారు, డి.సి. షా కలిసి 1948లో బయోమెట్రిక్స్‌లో రాసిన వ్యాసం ఈ ప్రశ్న మీదే. పొడవు, వెడల్పు, ఎత్తుల లాగరిథమ్‌లనుంచి పరిమాణాన్ని అంచనా కట్టే సూత్రం అది. రావుగారి పాఠ్యపుస్తకం చదివినవాళ్లకు లండన్ ఫారింగ్‌డన్ వీధిలో దొరికిన 86 మగ పుర్రెల ఉదాహరణ గుర్తుండే ఉంటుంది. చెక్కుచెదరకుండా దొరికిన పుర్రెల మీద సూత్రం తయారుచేసి, పగిలినవాటికి దాన్ని వర్తింపజేస్తాం. రిగ్రెషన్ అధ్యాయంలో దాన్ని ఓ ఉదాహరణగా చదువుకుని పేజీ తిప్పేస్తాం. కానీ ఆ ఉదాహరణ వెనక ఒక ఇబ్బందికరమైన ప్రశ్న కూర్చుని ఉంది. ఏ పుర్రెలు పగిలాయి?

నాణెం ఎగరేసి తేల్చినట్టు యాదృచ్ఛికంగా పగలవు. పిల్లల ఎముకలు పలచన, తొందరగా కరిగిపోతాయి. లోతుగా పూడ్చినవి నిలుస్తాయి, పైపైన పూడ్చినవి నాగలి కిందికో వరద కిందికో పోతాయి. పుర్రె పెద్దదైన కొద్దీ పగిలే అవకాశం పెరుగుతుందనుకుందాం. అప్పుడు పగలకుండా మిగిలినవాటి సగటు అసలు సగటు కంటే తక్కువే వస్తుంది. వెయ్యి పుర్రెలు కొలిచినా తక్కువే వస్తుంది. ఎన్ని కొలిస్తే అంత నమ్మకంగా తప్పు చెబుతాం. దొరికిన తీరే దొరికిన అంకెను మారుస్తుందన్న ఈ ఆలోచన ఫిషర్‌కు 1934లోనే ఉంది, వంశపారంపర్య రోగాల లెక్కల్లో. రావుగారు దాన్ని 1960లలో భారిత వితరణలుగా (వెయిటెడ్ డిస్ట్రిబ్యూషన్లుగా) సాధారణ రూపానికి తెచ్చారు. 1985లో దాని మీద మళ్లీ రాసినప్పుడు, ఒక నమూనా ఏ జనాభాకు ప్రతినిధి అన్న ప్రశ్నను శీర్షికలోకే తీసుకొచ్చారు. ఆ ప్రశ్నకు విత్తనం కేంబ్రిడ్జి ఎముకల బల్ల దగ్గర పడిందని నా నమ్మకం. నిరూపించలేను. కానీ పురావస్తువులతో రెండేళ్లు గడిపినవాడికి ఆ ప్రశ్న తట్టకుండా ఉండదు. ఆ శాస్త్రంలో చేతికొచ్చేదంతా పోగా మిగిలినదే గదా.

పురావస్తు గణాంక శాస్త్రం గురించి నేను చెప్పదలచుకున్నది కూడా ఇదే. మిగిలినదాన్ని లెక్కించడం ఎవరైనా చేస్తారు. పోయింది ఎలా పోయిందో దానికి ఒక మోడల్ రాయడం మన పని.

ముఖర్జీ, రావు, ట్రెవర్‌ల పుస్తకం 1955లో కేంబ్రిడ్జి యూనివర్సిటీ ప్రెస్ వేసింది. జెబెల్ మోయా జనం ఆఫ్రికాలోని ఏ ఏ సమూహాలకు ఎంత దగ్గరో, ఎంత దూరమో డి-స్క్వేర్‌తో చెప్పే పుస్తకం. అది పుట్టిన ప్రశ్నలో జాతి అన్న మాట బలంగా ఉంది, దాన్ని దాచిపెట్టి మాట్లాడితే రావుగారికి గౌరవం పెరగదు. పుర్రె కొలిచి జాతి తేల్చడం ఆనాటి శాస్త్రం. వలస పాలనకు అది బాగా అక్కరకొచ్చిన శాస్త్రం కూడా. ఆ ప్రశ్న ఇప్పుడు దాదాపు చచ్చిపోయింది, పోవాల్సిందే. విచిత్రం ఏమిటంటే దాని కోసం చేసిన పనిముట్టు బతికింది. ఒక కుండపెంకులోని మట్టి ఏ ఊరి బట్టీదో తేల్చడానికి రసాయన మూలకాల మోతాదులు తీసుకుని మహలనోబిస్ దూరమే కడతారు. 2007లో ఐరిష్, కోనిగ్స్‌బర్గ్ అనే ఇద్దరు జెబెల్ మోయా జనం మీదికి మళ్లీ వెళ్లారు. ఈసారి పుర్రెలు కాదు, పళ్ల ఆకృతి లక్షణాలు. దూరం మాత్రం మహలనోబిస్‌దే, కొలవలేని లక్షణాలకు సరిపడేలా మార్చిన రూపంలో.

ఇంకో ఇబ్బంది ఉంది, అది కాలానిది. ఆ ఖననాలన్నీ ఒకే కాలానివా? ఆడిసన్ మొదట ఒక కాలం చెప్పి, తర్వాత తానే మార్చుకున్నారు. 2013లో బ్రాస్, ష్వెనింగర్ అచ్చువేసిన కుండపెంకుల కాలనిర్ణయాలు ఆ స్థలాన్ని మళ్లీ కొత్త చర్చలోకి లాగాయి. వందల ఏళ్ల దూరంలో బతికినవాళ్లను ఒకే జనంగా కలిపేస్తే వాళ్లలో వాళ్లకున్న తేడా పెరిగినట్టు కనిపిస్తుంది, ఇతరులతో దూరం తగ్గినట్టు కనిపిస్తుంది. దూరం కట్టకముందే కాలం తేలాలి.

కాలక్రమం తేల్చే లెక్క డి-స్క్వేర్ కంటే పాతది. ఫ్లిండర్స్ పెట్రీ ఈజిప్టులో తవ్విన రాజవంశాల ముందరి సమాధుల్లో ఓ 900 తీసుకుని, ఒక్కో సమాధికి ఒక్కో అట్టముక్క, దాని మీద అందులో దొరికిన కుండల రకాలు రాసుకున్నారు. ప్రతి రకం కుండా ఒకచోట మొదలై, కొంతకాలం సాగి, ఒకచోట ఆగిపోయేలా ఆ అట్టముక్కల్ని అటూ ఇటూ జరిపారు. 1899లో ఆ వరుస ప్రకటించారు. అంకెలు 30 దగ్గర మొదలుపెట్టారు, ఇంకా పాతవి దొరికితే చోటుండాలని. దొరకనిదానికి ముందే ఖాళీ వదిలిన ఆ పద్ధతి నాకు మహా ఇష్టం. అరవై ఏళ్ల తర్వాత కేంబ్రిడ్జిలో డేవిడ్ కెండల్ ఆ అట్టముక్కల ఆటను మాత్రికల గణితంగా మార్చారు. 1970లో రొమేనియాలోని మమాయాలో గణితజ్ఞులు, పురావస్తువాళ్లు కలిసి సభ పెట్టుకున్నప్పుడు వచ్చిన సంపుటంలో, మానవశాస్త్రంలో వర్గీకరణ మీద రావుగారి వ్యాసం కూడా ఉంది. కేంబ్రిడ్జి వదిలి ఇరవై ఏళ్లు దాటినా ఆయన ఆ గుమ్మం పూర్తిగా దాటిపోలేదన్నమాట.

ఇప్పుడు ఈ రంగంలో ఎక్కువ పని రేడియోకార్బన్ తేదీల మీద, బేయిజియన్ పద్ధతిలో. 1996లో బక్, కవానా, లిటన్ రాసిన పుస్తకం దీనికి బాట వేసింది. ఆక్స్‌ఫర్డ్‌లో బ్రాంక్ రామ్సే తయారుచేసిన ఆక్స్‌కాల్ ఇంచుమించు ప్రతి ప్రాజెక్టులో ఉంటుంది. సంగతి స్థూలంగా ఇది. ప్రయోగశాల ఇచ్చేది కార్బన్ వయసు. దాన్ని చెట్ల వలయాల ఆధారంగా కట్టిన సవరణ రేఖ మీద పెట్టి క్యాలెండరు ఏళ్లలోకి మార్చాలి. ఆ రేఖ తిన్నగా ఉండదు. క్రీ.పూ. 800 నుంచి 400 దాకా దాదాపు చదునుగా పడుకుంటుంది. 2450 అటూ ఇటూ 30 అని ప్రయోగశాల చెప్పిందంటే క్యాలెండర్లో అది దాదాపు క్రీ.పూ. 750 కావచ్చు, 410 కూడా కావచ్చు. మూడు శతాబ్దాలకు పైగా ఖాళీ. మన ధాన్యకటకం, భట్టిప్రోలు మొదటి పొరల వాదాలు ఈ చదును నేల అంచునే పడతాయి. ఒక్క బొగ్గుముక్క తేదీ పట్టుకుని మా ఊరు బుద్ధుడి కాలం నాటిదని పేపర్లో వేయించుకునేవాళ్లు ఈ రేఖను ఒక్కసారైనా చూడాలి.

అయితే పొరలున్నాయి. కింది పొర పై పొర కంటే పాతది. ఈ ఒక్క మాటను మోడల్‌లో పెడితే విడివిడిగా మూడేసి వందల ఏళ్లు పరుచుకున్న తేదీలు ఒకదాన్నొకటి నొక్కుకుని కుదించుకుంటాయి. అది మాయ కాదు, తవ్వినవాడికి ముందే తెలిసిన సంగతిని లెక్కలోకి రానివ్వడం. ఎలుక కన్నంలోంచి పై బొగ్గు కిందికి జారిందా అన్నది కూడా మోడల్‌లోనే అడగాలి, ప్రతి శాంపిల్‌కూ అది తప్పుచోట ఉండే సంభావ్యతను ఇచ్చి. ఏ ముక్కకు తేదీ తీయాలన్నది మరో పెద్ద సంగతి. టేకు దూలం నడిబొడ్డు బొగ్గుకు తేదీ తీస్తే ఆ చెట్టు చిన్నప్పటి వయసు వస్తుంది, ఇల్లు కాలినప్పటిది కాదు. ఉలవ గింజ అయితే ఆ ఏటిదే. బళ్ళారి పక్కన సంగనకల్లు, కుప్గల్ గుట్టల్లో నవీన శిలాయుగం పొరల్నించి ఉలవలు, పెసలు, అండుకొర్ర గింజలు మాడిపోయి దొరికాయి. మట్టిని నీళ్లలో కలిపి, తేలినవాటిని సన్న జల్లెడలో పట్టబట్టి దొరికాయి. అదే ప్రాంతంలో యాభై అరవై ఏళ్ల కిందట తవ్విన చోట్ల జల్లెడ వాడకపోతే గింజలు లేవని కాదు, పట్టలేదని అర్థం. ఏ పంట ఉందో లేదో చెప్పే పట్టిక చూసేటప్పుడు మొదట అడగాల్సింది జల్లెడ కన్నం ఎంతో.

అందుకే పురావస్తు గణాంకవేత్త ఉద్యోగం ఎవరికిచ్చినా తవ్వకం ముందు ఇవ్వాలి. 1938లో కలకత్తాలో జరిగిన మొదటి భారత గణాంక మహాసభ అధ్యక్షోపన్యాసంలో ఫిషర్, ప్రయోగం ముగిశాక గణాంకవేత్తను పిలవడం శవపరీక్షకు పిలవడమేనన్న అర్థంలో మాట్లాడారు. ప్రయోగమైతే ఖర్చుపెట్టి మళ్లీ చేయొచ్చు. తవ్వకం మళ్లీ చేయలేం, తవ్విన పొర ఇక లేదు. మన దగ్గర ఏం జరుగుతోందో ఇక్కడున్న పురావస్తు మిత్రులకు నాకంటే బాగా తెలుసు. డబ్బు తవ్వకానికి వస్తుంది, లెక్కకు రాదు. రిపోర్టు రాసే వేళకు ఎవరో ఒక స్టాటిస్టిక్స్ అధ్యాపకుడికి ఎక్సెల్ ఫైలు పంపి, ఇందులో ఏమైనా సిగ్నిఫికెంట్‌గా ఉందేమో చూడండి సార్ అంటారు. ఆ ఫైల్లో అలంకరణ ఉన్న పెంకులు, అంచు పెంకులు ఉంటాయి. బొత్తిగా సాదా పెంకులు ట్రెంచి పక్కనే కుప్ప పోసి వదిలేశారని ఫోన్‌లో మాటల మధ్య తెలుస్తుంది. తెలంగాణ గుట్టల్లో క్వారీలకు పోయిన రాకాసి గుళ్ల సంగతీ అంతే. మిగిలిన సమాధుల పటం గీసి, ఇనుప యుగం జనం ఇక్కడే ఉన్నారు, అక్కడ లేరు అంటే, మనం గీసింది గ్రానైట్ వ్యాపారం పటం అవుతుంది.

విశ్వవిద్యాలయాల పెద్దలు ఈ సభలో ఉన్నారు గనక అడుగుతున్నాను. పురావస్తు శాఖలోనే ఒక గణాంక పరిశోధకుడి పోస్టు పెట్టండి, గణిత శాఖ నుంచి అద్దెకు తెచ్చుకోవడం కాదు. ఆ మనిషి ట్రెంచిలో కూర్చోవాలి, మట్టి రంగు చూడటం నేర్చుకోవాలి, ఏ గుంటకు ముందు ఏ గుంట అన్నది డైరెక్టరుగారితో పోట్లాడాలి. ఆ పోస్టుకు మొదటి ఏడాది పనిగా నేనైతే కొత్త లెక్క ఏదీ అప్పగించను. ఇప్పటిదాకా ఆ శాఖ చేసిన తవ్వకాల నోటు పుస్తకాలు తెరిచి, ఏ జల్లెడ వాడారు, ఏ పెంకులు పారేశారు, ఎన్ని ఎముకలు తవ్వారు, వాటిలో ఎన్ని గోదాముకు చేరాయి, ఇవాళ ఎన్ని ఉన్నాయి అన్న పట్టిక తయారుచేయమంటాను. జెబెల్ మోయాకు అలాంటి పట్టిక తవ్వకం ఆగిన ముప్పై ఏళ్ల తర్వాత, సముద్రం అవతల, తవ్వకం చూడని మనుషులు కూర్చుని కట్టుకోవాల్సొచ్చింది. మన గోదాములు మన ఊళ్లోనే ఉన్నాయి, తాళాలు కూడా మన దగ్గరే ఉన్నాయి. వచ్చే తవ్వకం సీజన్‌కి ముందే ఆ పోస్టు ప్రకటన వెలువడితే ఈ ఉపన్యాసానికి అదే పారితోషికం అనుకుంటాను.